కుంట అడుగు మట్టి

నేను చేసే పని పెళ్లిళ్లలో చెప్పుకునేంత గొప్పది కాదు. చెరువుల అడుగున పేరుకున్న పాత మట్టిని కడిగి, అందులో ఎప్పుడో చచ్చిపోయిన పెంకుపురుగుల ముక్కలు ఏరుతాను. గాజులరామారంలో మేం అద్దెకుండే ఇంటి ఓనరమ్మ నన్ను 'పురుగుల మేడం' అంటుంది. మా అన్న మేడ్చల్‌లో ప్లాట్లు అమ్మే మనిషి. పదిమందిలో నన్ను చూపించి, "మా చెల్లె పీహెచ్‌డీ జేస్తాంది, పేడపురుగుల మీద" అని నవ్వుతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ బతికుండగానే నా గురించి తేల్చేసింది. ఈ మాటలేవీ నన్ను బాధపెట్టలేదు. నన్ను బాధపెట్టే మాట ఒకటుంది, అది నేనే అన్నది. దాని గురించే ఇది రాస్తున్నాను.

శిలాజం అనగానే అందరూ రాయి అనుకుంటారు. మాకు దొరికేవి రాళ్లు కావు. నీటి అడుగున గాలి సోకని నల్లటి బంకమట్టిలో పడిన పురుగుకు మెత్తని ఒళ్లంతా కుళ్లిపోయినా పైపెంకు మాత్రం మిగిలిపోతుంది. వందల ఏళ్లు మిగులుతుంది, ఒక్కోచోట వేల ఏళ్లు. తల ఒకచోట, మెడపెంకు ఒకచోట, రెక్కపెంకు ఇంకోచోట దొరుకుతాయి. నీటిపురుగులవి ఎక్కువుంటే అప్పట్లో నీళ్లు నిండుగా ఉండేవని, పేడపురుగులవి ఎక్కువుంటే గట్టు మీద పశువులు మేసేవని చెప్పొచ్చు. కాకపోతే రెండు షరతులున్నాయి. మట్టి ఏ లోతు నుంచి తీసిందో తెలియాలి, ఎందుకంటే కిందిది పాతది, పైది కొత్తది. కడిగేదాకా ఆ మట్టి ఎండకూడదు. ఎండితే పెంకులు ముడుచుకుపోయి, ముట్టుకుంటే పొడి అవుతాయి.

మా గైడు సార్ నన్ను శామీర్‌పేట చెరువు మట్టి మీద పని చేయమన్నారు. నేనే పట్టుబట్టి రావల్కోల్ అవతల ఉన్న మా ఊరి కుంటను కూడా జతచేశాను. చిన్నప్పుడు ఈత నేర్చుకున్న కుంట అని కాదు, నాకు ఇప్పటికీ ఈత రాదు. అక్కడ కట్ట కట్టకముందే సహజంగా ఒక మడుగు ఉండి ఉంటుందని నా అనుమానం. నిజమైతే అడుగున దొరికే మట్టి చాలా పాతదై ఉండాలి. తొందర ఎందుకంటే కుంటలో అప్పటికే ప్లాట్ల హద్దురాళ్లు పాతేశారు. ఎండాకాలం అయ్యేలోపు టిప్పర్లు పెట్టి పూడుస్తారని అన్న చెప్పాడు. పూడ్చాక దాని అడుగున ఏముందో ఇక ఎవరూ చూడలేరు.

తవ్వడానికి నాయిన వచ్చాడు. నాయిన సేద్యం చేస్తూనే వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వడానికి కూడా పోయేవాడు. అమ్మ పోయాక పొలం అన్నకు ఒప్పజెప్పి నా దగ్గరికి వచ్చేశాడు. గాజులరామారంలో ఆయనకు చేయడానికి పనేమీ లేదు. సాయంత్రం జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగి మందుల వాసన వస్తే, "గీడ గాలి గూడ దవాఖాన లెక్కనే ఉన్నది" అని కిటికీ మూసేవాడు. కుంటలో గొయ్యి తవ్వాలి అనగానే డెబ్బై ఏళ్ల మనిషి పొద్దున్నే తలపాగా చుట్టుకుని తయారయ్యాడు. నేను టేపు పట్టుకుని పది సెంటీమీటర్లకొక సంచి చొప్పున నింపుతుంటే, ఆయన గొయ్యి గోడను అరచేత్తో తడుముతూ, ఇదిగో ఇక్కడ ఇసుక వచ్చింది, అంటే మస్తు వాన కొట్టిన ఏడు అని చెబుతూ ఉన్నాడు. ఆయన చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకోలేదు.

ముందుగా పై సంచి ఒక్కటి కడిగి చూశాను. కడిగే పద్ధతి మోటుగానే ఉంటుంది. మట్టిని జల్లెడలో నీళ్లు పోసి కడగాలి. మిగిలిన చెత్తకు కిరసనాయిలు పట్టించి మళ్లీ నీళ్లు పోస్తే పెంకులు పైకి తేలతాయి. కిరసనాయిలు దొరకడం ఇప్పుడు గగనమైపోయింది, అది వేరే కథ. తేలినవాటిని కుంచెతో ఎత్తి, నాయినను ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూపించాను. ఆయన ఒక కన్ను మూయడం రాక చేత్తో అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గివన్నీ నీళ్లల్ల ఈదే పురుగులే గదా?"

"అవు నాయినా."

"అంటే మా తాతలు పుట్టకముందు గూడ గా కుంటల నీళ్లుండె?"

"కింది సంచులు కడిగితే తెలుస్తది."

"జల్దీ కడుగు బిడ్డా" అన్నాడు. ఆయన నన్ను చదువు గురించి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

కడగడం ఆలస్యమైంది. ల్యాబ్‌లో ఫ్రిజ్ పాడైంది, పైగా సెలవులు. మిగతా సంచులు ఇంటికి తెచ్చి వెనక గదిలో తడి గోనెపట్టాలు కప్పి పెట్టాను. నాలుగు రోజులు శామీర్‌పేట వైపు పని మీద తిరిగాను. ఐదో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గది ఖాళీగా ఉంది. మిద్దె మీదికి పరిగెత్తాను. నాయిన టార్పాలిన్ పరిచి, సంచులన్నీ విప్పి, మట్టినంతా ఒక్కచోట పోసి, వడ్లు ఎండబోసినట్టు పలచగా నెరిపి, కాలితో తిప్పుతున్నాడు. గడ్డలు చేత్తో నలిపాడు కూడా. నల్లగా ఉండాల్సిన మట్టి బూడిదరంగులోకి తిరిగింది.

"మురుగు వాసనొస్తాంది బిడ్డా. తడి మీద పెడితే బూజు వట్టి పాడైతదని ఎండబోసిన. ఇంక రెండు ఎండలైతే సంచులకెత్తుతా" అన్నాడు, నేను సంతోషిస్తానన్నట్టు.

సేద్యం చేసినవాడు తడిసిన దాన్ని చూస్తూ ఊరుకోలేడు. మిరపకాయైనా, మక్కలైనా, విత్తనమైనా ఎండబెట్టకుండా దాచడం ఆయన దృష్టిలో పాపం. ఇది నాకు ఇప్పుడు తెలిసినంత బాగా అప్పుడూ తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు కన్నూ మిన్నూ కానలేదు. ఏ లోతు మట్టి ఏదో చెప్పే దారి లేదు, పెంకులు ఎలాగూ పోయినట్టే.

"నిన్నెవలు ముట్టుమన్నరు? సదువు రాని చెయ్యి వెడితే గిట్లనే అయితది" అన్నాను. ఓనరమ్మ కింద నుంచి వింటోంది. నేను గొంతు తగ్గించలేదు.

నాయిన టార్పాలిన్ మీంచి పక్కకు దిగాడు. టార్పాలిన్ కొసలు నాలుగూ మెల్లగా ఎత్తి మట్టిని కుప్ప చేశాడు. ఆ రాత్రి అన్నం తినకపోతే నేను అడగలేదు. నాలుగు రోజులు ఇద్దరం ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగాం. తర్వాత ఒక పొద్దున, "ఊరికి వోయొస్త" అని మేడ్చల్ బస్సెక్కాడు.

మూడో రోజు సాయంత్రం ఆటోలో దిగాడు. ఒళ్లంతా దుమ్ము, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆటో వెనక తడి గోనెపట్టా కప్పి తొమ్మిది సంచులున్నాయి. కుంటలో టిప్పర్లు దిగాయట. తూములవైపు మూల ఒక్కటే మిగిలితే, అక్కడ డ్రైవర్లను బతిమాలి రెండు రోజులు ఒక్కడే తవ్వాడట.

"పైనుంచి కిందికి జానెడుకొక సంచి జేసిన బిడ్డా. ఒక ముడేసింది పైది, రెండు ముళ్లది దాని కింద. గట్ల తొమ్మిది. ఎండనియ్యలే. కలవనియ్యలే."

నిజానికి నేను అప్పుడు ఆయన కాళ్లు పట్టుకోవాల్సింది. నా కోపం ఇంకా చల్లారలేదు. పైగా ఆ పొద్దున్నే సార్ ఫోన్ చేసి, ఇక ఆ కుంట సంగతి వదిలేయమన్నారు.

"జానెడేంది నాయినా? నాకు సెంటీమీటర్లు గావాలె. టేపు లేకుంట తీసింది ఎవలు నమ్ముతరు?"

"నా జాన మారదు గద బిడ్డా. నువ్వెన్నడు కొలుచుకున్నా గంతే" అని బొబ్బలెక్కిన చెయ్యి నా ముందుకు చాపి, బొటనవేలూ చిటికెనవేలూ సాగదీసి చూపించాడు.

"ఆడ వెట్టు" అని ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయాను.

ఆ సంచులు వెనక గదిలో ఒక మూలకు చేరాయి. నేను శామీర్‌పేట మట్టి పనిలో పడిపోయాను. కుంట పూర్తిగా పూడింది, మీద ఎర్రమట్టి పోసి రోడ్లు కూడా వేశారని అన్న చెప్పాడు. నాయినా నేనూ మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, కూర ఏంది, కరెంటు ఎప్పుడొస్తది లాంటివి. ఆ మిద్దె మీది మాట ఇద్దరం ఎత్తలేదు. ఆయన మరిచిపోయాడులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

వానాకాలం దాటాక ఒక పొద్దున నాయిన చాయ్ తాగుతూ, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. నేను పిలిచేసరికి లేడు. ఆయనకు ఏ జబ్బూ లేదు, ఏమైందని అడగడానికి ఆయన్ని ఎప్పుడైనా చూసిన డాక్టరు కూడా లేడు.

ఊళ్లో కర్మలన్నీ అయ్యాక తిరిగొచ్చి వెనక గది ఊడవబోతే, గోనెపట్టా గట్టిగా, అట్టలా చేతికి తగిలింది. ఎండిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. మే నెలలో తెచ్చిన సంచుల మీద పట్టా ఇన్ని నెలలు తడిగా ఎలా ఉంది? ఆ గదిలోంచి నీళ్లు కారి వరండాలోకి వస్తున్నాయని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. పైపు కారుతోందని ఓనరమ్మతో పోట్లాడాను కూడా. పైపు కాదు. నేను బయటికి వెళ్లాక రోజూ నాయిన చెంబుతో నీళ్లు చల్లేవాడట. "మీ నాయిన ఆ మూటలకు మొక్కలకు పోసినట్టు పోసేటోడు. ఏందని అడిగితే, బిడ్డకు యాదికొచ్చినప్పుడు కడుగుతది అనేటోడు" అని ఓనరమ్మ అప్పుడు చెప్పింది.

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

సంచులు విప్పాను. పైపట్టా ఎండినా లోపలి మట్టి ఇంకా తడిగా, నల్లగా ఉంది. తాడుకు వేసిన ముళ్లు లెక్కపెట్టి వరసగా పెట్టాను. ఒక్కటీ తప్పలేదు. నెల రోజులు శామీర్‌పేట పని ఆపి కడిగాను. పైసంచుల్లో పేడపురుగులే ఎక్కువ. దిగుతున్న కొద్దీ నీటిపురుగులు పెరిగాయి. ఆరో సంచిలో ఒక జీరంగి రెక్కపెంకు తేలింది. తుమ్మచెట్ల మీద వాలే ఆకుపచ్చ జీరంగి, మా చిన్నప్పుడు పిల్లలం అగ్గిపెట్టెల్లో దాచుకునేది. ఎన్ని వందల ఏళ్ల కిందటిదో, నిన్న రాలినట్టు మెరుస్తోంది. నాయినా, ఇటు రా అని నోటిదాకా వచ్చింది.

తొమ్మిదో సంచిలో పేడపురుగు ఒక్కటి కూడా లేదు. అన్నీ నిలవనీటిలో బతికేవే. మనుషులూ పశువులూ ఆ చుట్టుపక్కల మసలకముందు నుంచే అక్కడ నీళ్లున్నాయని నాకు తోచింది. మైక్రోస్కోపు దగ్గర ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

సార్‌కి చూపించాను. ఆయన అరగంట సేపు ఒక్కొక్కటే చూసి, "బంగారంలాంటి సామగ్రి అమ్మా. తొమ్మిదోది ఎంత లోతు?" అన్నారు.

"తొమ్మిది జానలు సార్."

"సెంటీమీటర్లలో?"

ఇంటికొచ్చి టేపు తీసి నా జాన కొలిచాను. నా చెయ్యి చిన్నది. అన్న దగ్గరికి మేడ్చల్ వెళ్లి అతని చెయ్యి కొలిచాను. అన్నవి అమ్మ పోలిక, పొట్టివేళ్లు. ఎందుకు కొలుస్తున్నావని అడిగాడు, చెబితే ఈసారి నవ్వలేదు. నాయిన ఫోటోలు ఇంట్లో ఉన్నవి మూడు. రెండిట్లో చేతులు కట్టుకుని ఉన్నాడు, ఒకదాంట్లో భుజాల దాకే ఉంది. ఆధార్‌లో ఆయన పదివేళ్ల ముద్రలూ ఉండే ఉంటాయి, కానీ ఒక వేలికీ ఇంకో వేలికీ మధ్య దూరం ఎవరూ తీసుకోరు. కుంట దగ్గర మళ్లీ తవ్వి సరిచూసుకుందామంటే దాని మీద ఇప్పుడు ఇళ్లు లేస్తున్నాయి. ఆరు నెలలు నా పక్క గదిలోనే ఉంది ఆ చెయ్యి, ఒకసారి నా ముందుకు చాపి కూడా ఉంది.

"ఉజ్జాయింపుగా వేసెయ్యమ్మా, ఒక జాన ఇంత అని. కింద నోట్ పెడదాం" అన్నారు సార్. అందరూ అలాగే చేస్తారు, తప్పు కూడా కాదు. పట్టిక తెరిచి 'లోతు' అన్న చోట ఒక అంకె వేశాను, కొట్టేశాను, ఇంకొకటి వేశాను, అదీ కొట్టేశాను. ఏది వేసినా అది ఇంకెవరిదో చెయ్యి అవుతోంది.