జైలు ముద్ర వద్దన్న పెన్షనరు

2022 ఆగస్టులో నన్ను మహబూబాబాద్ జిల్లాలోని ఒక ఉప ఖజానాకు జూనియర్ అకౌంటెంటుగా వేశారు. తొర్రూరులో అద్దెకుండి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా పాపకు అప్పుడు మూడేళ్లు. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కనుక ఇది రాయగలుగుతున్నాను.

నాకిచ్చింది పెన్షన్ల సీటు. పెన్షనర్లు ఏటా నవంబరు నుంచి మార్చిలోగా తాము బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఖజానాకు స్వయంగా రావచ్చు. లేదా 'ఈయన నా ఎదుట హాజరయ్యాడు' అని గెజిటెడ్ అధికారి సంతకం పెట్టి ముద్ర వేసినా చెల్లుతుంది. జైల్లో ఉన్నవాళ్లకు ఆ పని జైలు సూపరింటెండెంటు చేస్తారు. పత్రం రాకపోతే పెన్షను ఆగుతుంది.

ఆ ఫిబ్రవరిలో ఒక మాజీ ఎమ్మెల్యే పత్రం పట్టుకుని ఆయన అనుచరుడొకడు వచ్చాడు. భూమి తగాదాలో ఒక రైతును కొట్టించిన కేసులో ఆ ఎమ్మెల్యేకు శిక్ష పడింది. జైల్లో ఉన్నాడని జిల్లా అంతటికీ తెలుసు. పత్రం మీద మాత్రం, ముందు రోజే ఆయన తన ఎదుట హాజరైనట్టు ఒక అధికారి సంతకం ఉంది.

"జైలు సూపరింటెండెంటు సంతకం కావాలి అన్నా," అన్నాను.

"జైలు ముద్ర పడితె రేపు ఎలచ్చన్లల్ల ఎవడన్న ఫొటో దీసి ఊరూరు తిప్పుతడు. సార్ ఇజ్జత్ ఏం గావాలె? అయినా ఆయన జైల్ల ఉన్నడని నీకు ఎవలు జెప్పిన్రు మేడం?"

"పేపర్ల వచ్చింది కదా."

"పేపర్ల వచ్చిందానికి మీ ఖజానల లెక్కుంటదా?"

నిజంగానే ఉండదు. మాకు ఉత్తర్వు రావాలి. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగికి శిక్ష పడితే పెన్షను ఆపమని ఉత్తర్వు వస్తుంది, ఆపుతాం. ఎమ్మెల్యేల విషయంలో అలాంటిది నా సీటుకు ఎన్నడూ రాలేదు.

లైన్లో అతని వెనకే గార్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. లంచం కేసులో శిక్ష పడిన రిటైర్డ్ గుమాస్తా భార్య. వాళ్ల పెన్షను మా ఆఫీసే ఆపింది, దాని గురించి అడగడానికి వచ్చింది.

"మా ఆయనది ఆపనీకి ఒక్క కాయితం సాలింది," అంది. "గీయన జైల్ల కూసున్నా మీకు కనవడ్తలేడా?"

"జర నోరు మూస్కో అవ్వా," అని నవ్వి, అతను నా వైపు వంగాడు. "పాపను బడి కాడ దింపి ఏ బస్సెక్కుతవ్ మేడం? ఎనిమిది గంటలదేనా?"

పాప సంగతి నేనతనికి చెప్పలేదు. ఎనిమిది గంటల బస్సు మాత్రం నిజం.

పత్రం తీసుకుని మా ఉప ఖజానా అధికారి, ఎస్‌టీవో గారి గదిలోకి వెళ్లాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నోట్ నువ్వు పెట్టు, తర్వాత చూస్తానన్నారు. అంటే ఏం రాసినా ముందు నా సంతకమే కనిపిస్తుంది. అనుమానం వస్తే పెన్షనరును స్వయంగా రమ్మనవచ్చని నిబంధన ఉంది. దాన్నే రాసి, జైలు అన్న మాట రాకుండా పత్రం వెనక్కిచ్చాను.

అతను చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రమ్మంటున్నవ్ గదా. వస్తడు తియ్."

ఆ తర్వాత పాపను దింపే పని మావారు తీసుకున్నారు. అయినా మధ్యాహ్నం బడికి ఫోన్ చేసి, అన్నం తిన్నదా అని అడిగేదాన్ని. పాప అక్కడ ఉందని వినడానికే.

మార్చి ఆఖరులో ఆ మాజీ ఎమ్మెల్యేకు అప్పీలు మీద బెయిలొచ్చింది. మూడు బండ్లలో మనుషులతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఉన్న బిడ్డా, సావలే. మంచిగ చూస్కో."

వెనకవాళ్లు నవ్వారు. గుర్తింపు చిహ్నం సరిచూడటం నా పని. రికార్డులో కుడి చెంప మీద పుట్టుమచ్చ అని ఉంది. తలెత్తి ఆ ముఖంలోకి చూడక తప్పలేదు. ఆయనే చెంప తిప్పాడు.

"భయపడుతున్నవేంది? నీ పని నువ్వు జేస్తున్నవ్. పాప మంచిగున్నదా?"

బాగుందన్నాను. హాజరైనట్టు నమోదు చేశాను. కాదనడానికి నా దగ్గర ఏ నిబంధనా లేదు. ఏప్రిల్‌లో పెన్షను పడింది, జూన్‌లో నేను రాజీనామా చేశాను.

శిక్ష పడిన నాయకుడి పెన్షను ఆపాలనే నా అభిప్రాయం. ఆపేది చట్టం కావాలి, ప్రభుత్వం పేరుతో ఉత్తర్వు రావాలి. చట్టసభ ఆ ప్రశ్న తేల్చకుండా వదిలేస్తే అది కౌంటరు దాకా వస్తుంది. అక్కడ కూర్చున్న మనిషి ఇల్లెక్కడో, పిల్లల బడి ఎక్కడో కనుక్కోవడం ఎవరికీ కష్టం కాదు.