చినమామయ్య అడుక్కున్న సిగరెట్లు

మా ఆయనకు బాబాయి, మా చినమామయ్య యలమందయ్యకు సిగరెట్లు అడుక్కునే జబ్బు ఉండేది. ఆయన కొనగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. ఎవరి జేబులో పెట్టె కనిపించినా చెయ్యి చాచి, "ఒకటి ఇటియ్యరా, తర్వాత తాగుతా" అనేవాడు. ఇచ్చింది చెవి వెనక పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

పత్తి బేరానికి పిడుగురాళ్ల నుంచి వచ్చిన కొత్తాయన్ని ధర కంటే ముందు సిగరెట్ అడిగాడు. మా ఆడపడుచు పెళ్లిచూపుల్లో కాబోయే వియ్యంకుణ్ణి అడిగాడు. ఆయన అలవాటు లేదన్నాడు. పెళ్లికొడుకు మాత్రం పరాకున జేబు తడుముకున్నాడు. ఆ కుర్రాడికి అలవాటుందని వాళ్ల నాన్నకు ఆ రోజే తెలిసింది.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది మా ఆయన వీరబాబు. చినమామయ్యది మా ఎదురిల్లే. ఇక్కడ పెట్టె విప్పిన చప్పుడు రోడ్డు అవతల ఆయనకు వినపడేది. తాగేవాటికంటే సమర్పించుకునేవే ఎక్కువయ్యాయి. ఒకసారి మా ఆయన ఆ పెట్టెను ఎండుమిరపకాయల బస్తాలో దాచాడు. తీసి వెలిగించేసరికి ఆ ఘాటుకు ఆయనా, నేనూ, గొడ్లచావిట్లో గేదే కలిసి తుమ్మాం. తుమ్ములు విని చినమామయ్య వచ్చేశాడు. తనూ తుమ్ముతూనే చెయ్యి చాచాడు.

నిరుడు చలికాలంలో ఊరందరికీ జలుబు చేసింది. అందరికీ తగ్గింది. మా ఆయనకు మాత్రం జ్వరమై, ఆయాసమై, న్యుమోనియాలోకి దిగింది. గుంటూరులో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. చినమామయ్య ఇంటికి తాళం వేసి మాతోపాటే వచ్చేశాడు. వార్డు బయట బల్ల మీద కూర్చుని ఎవరినీ ఏమీ అడగలేదు. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

చివరికి జ్వరం దిగింది. గండం గడిచిందని డాక్టర్ శ్రీదివ్యగారు చెప్పారు. అసలెందుకిలా అయిందో కూడా ఆవిడే చెప్పారు. ఊపిరి గొట్టాల్లో దుమ్మునూ క్రిములనూ బయటికి ఊడ్చే సన్నటి నూగు ఉంటుందట. సిగరెట్ పొగ దాన్ని పాడుచేస్తుందట. క్రిములను తినేయాల్సిన రక్షణ కణాలు రోజూ పొగతోనే పోరాడి డీలాపడతాయట. కొన్ని తిక్కెత్తి మన ఒంటి మీదే తిరగబడతాయట. అందుకే అందరికీ జలుబుతో పోయింది ఈయనకు ఇంతదూరం వచ్చిందన్నారు. మానేస్తే ఆ కాపలా చాలావరకు కోలుకుంటుందన్నారు.

రోజుకెన్ని తాగుతారని అడిగారు. పది కొంటానని, నాలుగు తాగుతానని, మిగతావి బాబాయివని మా ఆయన చెప్పాడు. ఆవిడ కంగారుపడి చినమామయ్యకూ ఎక్స్‌రే రాశారు. ఆయన వద్దంటూ గోడకు నక్కినా వినలేదు. తీరా చూస్తే ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి.

"ఎన్నేళ్లుగా తాగుతున్నారండీ?" అన్నారు ఆవిడ, ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి.

"ఆ వాసనే నాకు పడదు డాక్టరమ్మా."

మరి అన్నేసి సిగరెట్లు ఏమయ్యాయని నేను నిలదీశాను. నీళ్లలో నానేసి, మందార చెట్టుకు పట్టిన పిండినల్లి పురుగుకు మందుగా కొడుతున్నాడట.

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "మానెయ్యమని నాతో చెప్పొచ్చుగా బాబాయ్."

"మీ నాన్నకు చెప్పాగా. చెప్పినప్పుడల్లా పౌరుషానికి ఇంకోటి వెలిగించేవాడు. అడిగితే మాత్రం లేదనకుండా ఇచ్చేవాడు. ఆ కిటుకు ఆయన దగ్గర నాకు ఆలస్యంగా తెలిసింది. నీ దగ్గర ముందే మొదలుపెట్టా."

"మరి ఊరందర్నీ ఎందుకు అడుక్కున్నావు?"

"నిన్నొక్కణ్ణే అడిగితే కనిపెట్టవూ?"

డాక్టరమ్మ నవ్వాపుకుని, తగ్గించడం మంచిదే గానీ ఆ నాలుగు కూడా వద్దన్నారు. ఇంట్లో మిగిలిన పెట్టె మొత్తం తీసుకొమ్మని మా ఆయన బాబాయితో చెప్పాడు. మళ్లీ కొనలేదు.

ఎండాకాలంలో మళ్లీ పరీక్షకు ముగ్గురం వెళ్లాం. ఛాతీ శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చెబుతుండగానే చినమామయ్య గబగబా బయటికి వెళ్లిపోయాడు. కళ్లు తుడుచుకోవడానికేమోనని వెనకే వెళ్లాం. రోడ్డు మీద చెరుకురసం బండివాడితో పోట్లాడుతున్నాడు.

"మా ఇద్దరికీ ఐసు దండిగా వెయ్యి. వాడికి ఒక్క ముక్క కూడా వద్దు. ఇప్పుడే బాగుపడ్డాడు."

మండుటెండలో నిలబడి మా ఆయన ఆ ఐసులేని వెచ్చటి రసాన్ని గ్లాసు అడుగుదాకా తాగాడు.