మా బావ చెవి వెనక బుడిపె

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. విడవలూరు తీరంలో పడవలకు రంగులు వేసి, బొమ్మలు గీసి బతికినవాణ్ణి. చీకట్లో ఇసుక మీద ఒంటరిగా ఎన్నిసార్లు నడిచానో. ఒక్క దయ్యమూ పలకరించలేదు.

మా బావ, అంటే మా ఆవిడ అన్న, డ్రాయింగు మాస్టరుగా రిటైరయ్యాడు. పోయినేడాది కావలిలో బొమ్మల ప్రదర్శన పెట్టాడు. విషయం ఫ్రెనాలజీ. తల మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణం చెప్పొచ్చని ఒకప్పుడు ఐరోపాలో డాక్టర్లే నమ్మారట. దొంగల తలలకూ పండితుల తలలకూ అచ్చులు తీశారట. ఆ వంకతో కొన్ని జాతులను తక్కువ చేసి మాట్లాడారట. తర్వాత అదంతా తప్పని తేలింది. చిత్రకారుల్లో కొందరు తలను గదులుగా విడదీసి, గదికో గుణం చొప్పున బుల్లి బొమ్మలు గీస్తే, కొందరు ఆ డాక్టర్లనే వెక్కిరిస్తూ గీశారు. బావ రెండు రకాలూ గీసి పెట్టాడు. నడుమ, గదులు గీసి గదికో గుణం పేరు రాసిన ఒక తెల్లటి ప్లాస్టర్ తల. తిరుపతిలో గుండు చేయించుకొచ్చి, ఆ గుండుకే అచ్చు తీయించాడు.

జనమంతా బావ చుట్టూనే. మా ఆవిడైతే వచ్చినవాళ్లందరికీ అన్న చేతిపని గొప్ప చెబుతోంది. నా పడవల వైపు ఆమె ఏనాడూ అలా చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఎవరూ చూడకుండా ఆ తలను తడిమాను. కుడి చెవి వెనక రేగుపండంత బుడిపె. ఆ గదిలో బావ రాసిన పేరు, అసూయ. బొటనవేలితో గట్టిగా నొక్కాను. తల కళ్లు తెరిచి, నన్ను చూసి నవ్వింది.

లేదులెండి, నవ్వలేదు. టీ కొట్టు దగ్గర అలా చెప్పీ చెప్పీ నోటికి అలవాటైంది. ఇక చెప్పేది మాత్రం నిజం.

ఆ ఆదివారం మా ఆవిడ నా తలకు నూనె పెడుతూ చెయ్యి ఆపింది.

"ఏందయ్యా ఇది, చెవెనక? యాడ కొట్టుకున్నావు?"

ఎక్కడా కొట్టుకోలేదు. తడిమి చూసుకుంటే, రేగుపండంత.

మళ్లీ కావలి వెళ్లాను. ప్లాస్టర్ తల మీద ఆ చోటు నున్నగా ఉంది. అరగదీశావా అంటే బావ లేదన్నాడు. నా చెయ్యి పట్టుకుని, అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న తన తల మీద పెట్టుకున్నాడు. అక్కడా నున్నగానే ఉంది. పుట్టినప్పటి నుంచి ఉన్న బుడిపె, ఎప్పుడు పోయిందో తనకే తెలీదట.

"నీ పడవల మీద బొమ్మలు జూసినప్పుడల్లా నాకు ఆడ సలిపేది బావా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు హాయిగా ఉండాది."

డాక్టరుకు చూపిస్తే కొవ్వు గడ్డ అన్నాడు. సరే, నాది కొవ్వు గడ్డే. మరి ప్లాస్టర్‌కు ఉన్నది ఏమైనట్టు? నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

బావ ఇప్పుడు నా పడవలను నలుగురిలో మనసారా మెచ్చుకుంటున్నాడు. మా అన్నది ఎంత మంచి మనసో అని మా ఆవిడ మురిసిపోతుంది. సరిగ్గా అప్పుడే నాకు చెవి వెనక సలుపుతుంది.