చేప తాకిన నీళ్లు

2024 ఏప్రిల్ 28, ఆదివారం. మూడు బిందెలు.

ఒడియా సీమలో సముద్రపు ఒడ్డు పల్లె అయిన మార్కండిలో మంచినీటి ట్యాంకరు రోజు విడిచి రోజు రావాలి. వస్తే ఇంటికి ఆరు బిందెలు పట్టుకోనివ్వాలి. ఆ వారం ఫోను చేసినప్పుడల్లా డ్రైవరు ఒడియాలో "కాలి ఆసిబొ", రేపొస్తుంది, అన్నాడు. అతని రేపు నాలుగో రోజుకు గాని రాలేదు. వచ్చింది కూడా సగం నీళ్లతో. సీతాలు తన మూడు బిందెలనూ లోపల నీడకు చేర్చి ఇలా పంచింది: తాగడానికి ఒకటిన్నర, వంటకు ఒకటి, మిగిలిన సగం పెరట్లోని ఆనప పాదుకు. ఇంట్లో తను, భర్త మసేను, అత్త అసిరమ్మ. ముగ్గురున్న ఆ కొంపలో పాదు నాలుగో ప్రాణి.

పాదుకు ఒకే కాయ ఉంది. దాన్ని కూరకు కోయరు. విత్తనానికి వదిలిన కాయ అది. తీగ మీదే ముదిరి, ఎండి, కదిపితే లోపల గింజలు గలగలమనాలి. ఇంకా కనీసం మూడు వారాలు పడుతుంది. అప్పుడుగాని ఆ ఇంటి ఆనప మరో ఏడాదికి మిగలదు. మెడ లేకుండా, చిన్న కుండలా కాసే ఆ రకం అసిరమ్మకు తన అత్త చేతి నుంచి వచ్చింది. ఇసుకలో పాకుతుంది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. ఛత్రపురంలో పాకెట్లలో అమ్మే గింజలు ఇక్కడ నాలుగాకులు వేసి మాడిపోతాయని సీతాలు రెండు వేసవుల్లో వేసి చూసి మరీ తెలుసుకుంది.

ఆమె పుట్టింది కొడల అనే ఊళ్లో, సంతలో చేపలమ్మే ఇంట. ఇరవై మూడేళ్ల కిందట కోడలిగా వచ్చిన కొత్తలో పెరటి ఇసుకను చూసి నవ్వింది.

"ఇసకలో ఏటి పండుద్ది అత్తా?"

"మనుసులు పెరగనేదేటే ఇక్కడ? మొక్కకేటి రోగం?" అని అసిరమ్మ ఆమె చేతికి గునపం ఇచ్చింది.

మోకాలి లోతు గుంట తీయాలి. అడుగున తడి పట్టి ఉంచడానికి కొబ్బరి పీచు. దాని మీద చేప తలకాయలు, పేగులు, ఆపైన గంపలతో మోసుకొచ్చిన బంకమట్టి. నెల రోజులు ఆ వేడి చల్లారనిచ్చి మూడు గింజలు. వానల పంటకు రథయాత్ర వెళ్లాక, ఎండల పంటకు మాఘంలో. ఎండలు ముదిరేసరికి తీగ మొదట్లో చిల్లుకుండ పాతి, పైన తాటాకు నీడ కట్టాలి. వీటన్నిటికంటే ముఖ్యం, చేపలు కడిగిన నీళ్లు వాకిట్లో పారబోయకూడదు. చేప తాకిన ప్రతి చుక్కా పాదుకే వెళ్లాలి. మొదటి ఏడాది నాలుగుసార్లు తిట్లు తిన్నాక సీతాలు చెయ్యి దానంతటదే పాదు వైపు తిరగడం నేర్చింది.

విత్తనాన్ని బూడిదలో కలిపి, చిన్న కుండలో పోసి, పొయ్యి మీద ఉట్టికి కట్టేవారు. రెండేళ్ల కిందట గ్యాసు వచ్చింది. కట్టెల పొయ్యి ఆరిపోయింది, పొగ పోయింది. కుండ ఉట్టి మీదే ఉంది గాని, ఈ మాఘంలో దించి చూస్తే గింజల్లో ముప్పాతిక పురుగు తిని డొల్లలైపోయాయి. బాగున్నవి పదకొండు. మొలిచినవి నాలుగు. రెంటిని మేక తింది, ఒకటి ఎండకు పోయింది. ఇది నాలుగోది.

ఏప్రిల్ పదిహేనున వేట నిషేధం మొదలై పడవలు ఒడ్డెక్కాయి. పచ్చి చేప ఇంట్లోకి రావడం ఆగింది. ఆ నెలాఖరున బ్రహ్మపురంలోని ఒక భోజనశాల యజమాని సీతాలుకు కొత్త పని చెప్పాడు: ఉప్పుచేపను నానబెట్టి, ఉప్పు వదిలించి, ముక్కలు కోసి రోజూ పంపాలి. మంచినీళ్లు అందుకు ఎక్కడివి? వీధి బోరింగు నీళ్లతో నానబెట్టింది. మూడేళ్లుగా ఆ బోరింగు ఉప్పుతేలి, గిన్నెలు తోమడానికి తప్ప పనికిరావడం లేదు. ఆ నీళ్లను సీతాలు ఏనాడూ పాదుకు పోయలేదు, ఎవరైనా పోయబోతే చెయ్యి పట్టుకునేది. కానీ అవే నీళ్లు చేపను తాకాక ఆమె కంటికి వేరే నీళ్లయిపోయాయి. ఏప్రిల్ 29 నుంచి మే 3 వరకు, పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్, ఐదు రోజులు పోసింది. మంచినీళ్లు లేని రోజుల్లో పాదుకు దేవుడిచ్చిన తడి దొరికిందనుకుంది.

చూపు ఆనని అసిరమ్మ నాలుగో రోజు ఆకును వేళ్ల మధ్య పట్టుకుని, "ఓలమ్మి, అప్పడంలాగ ఇరిగిపోతందేటే?" అని అడిగింది.

"ఖరా అత్తా, ఎండ! మనుసులే ఏగిపోతన్నారు."

ఆ సాయంత్రం సీతాలు ఒకటికి రెండు బకెట్లు పోసింది.

మే 4 పొద్దున పక్కింటి తవిటయ్య చుట్ట నిప్పుకోసం వచ్చాడు. పడవ దిగిన రోజుల్లో చేపలకు ఉప్పు పట్టించే పని చేసే మనిషి. బకెట్ వంచబోతున్న సీతాలును చూసి నిలబడ్డాడు.

"ఏటే సీతాలూ, ఆనపకాయని తీగమీదే ఊరేస్తన్నావా?"

"నీ యేళాకోళం నీ పెళ్లాం కాడ పెట్టుకో బావా. ఏటయినాది?"

"అయి ఉప్పుసేప నానేసిన నీళ్లు కావేటి? ఓపాలి నాకి సూడు."

సీతాలు వేలు ముంచి నాలుకకు తాకించింది. తరువాత పాదు మొదట్లో మట్టి తీసి నాలుకకు రాసుకుంది. తవిటయ్య నిప్పు అడగకుండానే వెళ్లిపోయాడు.

ఆమె లోపలికి పరుగెత్తి, ముందు రోజు వచ్చిన మంచినీళ్ల బిందెలు రెండూ తెచ్చి పాదు మొదట్లో కుమ్మరించింది. మసేను వల బాగుచేస్తున్నవాడు లేచి వచ్చాడు.

"మనుసులు తాగడానికి నేవు, పాదుకి పోస్తన్నావా? పిచ్చెక్కినాదేటి నీకు?"

"ఒక్క పూట దాహం ఓర్సుకోనేవా మావా?"

"నానోర్సుకుంతాను. మాయమ్మ?"

మసేను కాసేపు ఆమెను, తీగను చూశాడు. సైకిలుకు రెండు డబ్బాలు కట్టుకుని ఛత్రపురం వెళ్లి, మిట్టమధ్యాహ్నానికి నీళ్లతో తిరిగివచ్చాడు. ఒకటి గదిలో పెట్టాడు. రెండోదాన్ని తనే పాదు దగ్గరకు మోసి, చేత్తో కొలిచినట్టు మెల్లగా పోశాడు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో అతను పాదుకు నీళ్లు పోయడం అదే మొదలు.

నీళ్లు ఇంకాయి, ఉప్పు ఉండిపోయింది. మే 5న చివళ్లు వాలాయి. 6న తీగ మొత్తం తాడులా ముడుచుకుంది. 7న కాయ తొడిమ దగ్గర మెత్తబడి, పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది.

సీతాలు దాన్ని అరుగు మీద పెట్టి కోసింది. గింజలను కడిగి, చాపమీద పరిచి లెక్కపెట్టింది. నూట ఎనభై నాలుగు. ఒక్కొక్కదాన్నీ గోటితో నొక్కి చూసింది. నూట ఎనభై నాలుగూ మెత్తగా వంగాయి. ఒక్కదానిలోనూ పప్పు లేదు. అయినా మరోసారి మొదటినుంచి నొక్కుకుంటూ వచ్చింది.

అసిరమ్మకు చెప్పడానికి ఆమెకు ఆ పూటంతా పట్టింది.

"అత్తా, నా సేత్తో నానే సంపేసినాను."

ముసలామె చేత్తో తడిమి ఒక గింజను వేళ్ల మధ్య నొక్కింది.

"సేపనీళ్లు పొయ్యమన్నది నానే గదే," అంది.

తిట్టి ఉంటే సీతాలు ఏడ్చి ఉండేది. ఆ మాటకు ఏడుపు కూడా రాలేదు.

అసిరమ్మ తన జీవితకాలంలో ఏడు ఇళ్లకు ఆ విత్తనం ఇచ్చింది. ఇచ్చిన విత్తనాన్ని తిరిగి అడగకూడదన్నది ఆ ఇంటి కట్టడి. అడిగితే ఇచ్చిన చేతికే చిన్నతనం. మరుసటి వారం సీతాలు ఆ కట్టడి తప్పింది. అత్తకు చెప్పకుండా రోజుకో రెండిళ్లు తిరిగింది. సోములింట పాకెట్ గింజలు వేస్తున్నారు. ఆదినారాయణ ఇంటికి తాళం ఉంది. అందరూ వేట ఇంకా ఆగని పడమటి తీరపు పడవల మీదికి పోయారు. శంకర్ తల్లి ఇంట పెరడే లేదు, సిమెంటు పరిచారు. అస్కాలో ఉన్న ఆడపడుచు మాధవికి ఫోను చేస్తే, "ఆఖరి కాయ నిరుడే కూరొండీసినాం వదినా, మీకాడ ఉంతాది గదా అనుకున్నాను," అంది.

ఆదివారం అసిరమ్మే పిలిచి అడిగింది.

"ఎక్కడెక్కడికెల్తన్నావే వారం దినాలై?"

సీతాలు చెప్పింది.

"అడిగీసినావా," అంది అసిరమ్మ. అందులో కోపం లేదు. మళ్లీ తనే, "సోములింట?"

"నేదత్తా."

"ఆదినారాయణోల్లు?"

"నేదు."

"మా మాధవి?"

"నేదత్తా."

"శంకర్ వాల్లమ్మ కాడ?"

"నేదు."

నాలుగో పేరుతో అసిరమ్మ ఆగిపోయింది. ఇంకా మూడిళ్లు ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఆ మూడిళ్లకూ సీతాలు వెళ్లి, వట్టిచేతులతో వచ్చే ఉంది.