గుట్ట మీది సీతాఫలాలు

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వనపర్తి దగ్గరి మా ఊళ్లో వరుసగా వానలు తప్పాయి. వేరుశనగ చేలల్లోనే ఎండిపోయింది. ఊరి వెనక గుట్ట మీద మాత్రం సీతాఫలం చెట్లు కాశాయి. ఆ గుట్ట ఎవరి సొంతమూ కాదు. కూలి దొరకని ఆడవాళ్లంతా ఆ కాయలే కోసి వనపర్తి బస్టాండు దగ్గర అమ్ముకునేవారు.

కాయ మీది గీతలు విచ్చుకుని తెల్లబడితే కండ్లు తెరిచిందంటాం. అప్పుడు కోస్తేనే పండుతుంది. ఆ ఏడు ఎవరూ అంతవరకు ఆగలేదు. పక్కవాళ్లు కోసేస్తారేమోనని ప్రతివాళ్లూ ముందే కోశారు. పదేళ్ల నేనూ ఒక సంచి నింపుకొచ్చి గడ్డిలో మాగబెట్టాను. నాలుగు రోజులకు తీసి చూస్తే అన్నీ నల్లగా, రాళ్లలా ఉన్నాయి. ఏడుపొచ్చింది.

పక్కింటి పెద్దమ్మ అది చూసింది. ఆమెకు భర్త లేడు. నా ఈడు కూతురు ఉంది. ఆ ఇంటికి గుట్టే ఆధారం.

"కండ్లు తెర్వకముందే ఎందుకు తెంపినవ్ బిడ్డా?"

"నేను తెంపకుంటే వేరేటోళ్లు తెంపుకపోతరు గదా."

ఆమె తిట్టలేదు. మరునాడు పొద్దున మా వాడకట్టు ఆడవాళ్లందరినీ, నన్నూ వెంటబెట్టుకుని గుట్టెక్కింది. పెద్ద బండల వెనక, ఎవరూ వెళ్లని చోట పది పన్నెండు చెట్లున్నాయి. కాయలన్నీ కండ్లు తెరిచినవే.

"ఈ జాగ ఇన్నొద్దులు నేనొక్కదాన్నే దాచుకున్న. నేను గూడ మీ తీరే," అంది. "ఇయ్యాల అందరం పంచుకుందం. గని వచ్చే యేడు కాయ కండ్లు తెర్వకముందు ఎవ్వరం గుట్టెక్కొద్దు. ఒప్పుకుంటరా?"

"మరి నీకేం మిగుల్తది?" అని మా అమ్మ అడిగింది.

"మీకెంతనో నాకంతనే."

ఆ రోజు ఆమెకూ ఒక్క గంపే వచ్చింది. అది ఎక్కువ రోజులు రాలేదు. కూతుర్ని బడి మాన్పించి గద్వాల వైపు పత్తి ఏరడానికి తీసుకెళ్లింది. మరుసటి ఏడు ఇద్దరు ముగ్గురు మాట తప్పారు. మిగతావాళ్లు ఆగారు. గుట్ట మీది నుంచి మంచి కాయ దిగింది. ఆ పిల్ల మళ్లీ బడికొచ్చి నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు బోరు నీళ్ల దగ్గరో, పొలం దారి దగ్గరో నలుగురిని ఒక మాట మీదికి తేవాల్సి వచ్చినప్పుడల్లా, నోరు తెరిచే ముందు నేనేం దాచుకున్నానో చూసుకుంటాను. ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుంది.