ఊదా రంగు వేలిముద్ర

నా చిన్నప్పుడు ఒక శనివారం మొత్తం పేనుబంక పురుగులకు కాపలా కూర్చోవలసి వచ్చింది. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల చివర్లో మేము మిషిగన్‌లో ఉండేవాళ్ళం. మా పిన్ని అక్కడి యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేసేది. మొక్కల రసం పీల్చే ఈ పేనుబంక తీపి జిగురును చుక్కలు చుక్కలుగా వదులుతుంది. చుక్కలు ఎక్కువ పడితే ఎక్కువ రసం తాగినట్టు. ఏ చిక్కుడు మొక్క మీద తక్కువ తాగుతుందో తేల్చి, పిన్ని సోమవారం ప్రొఫెసర్‌కు చూపించాలి. అప్పటికే రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారీ తప్పితే ఏడాది పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆ రోజు సాయంత్రం దాకా పిన్నికి వేరే పని పడింది. అరగంటకోసారి మొక్క కింద కాగితం మార్చి, దాని మీద టైమ్ రాయమని నాకు అప్పజెప్పింది. గ్లవ్స్ మాత్రం తీయొద్దని మరీ మరీ చెప్పింది. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదని నా వాదన.

తొమ్మిది కాగితాలు బుద్ధిగానే మార్చాను. చుక్క పడిందో లేదో కంటికి ఆనేది కాదు. అంతలో ల్యాబ్ కిటికీలోంచి చూస్తే, మంచు గుట్ట మీద స్టూడెంట్లు క్యాంటీన్ ట్రేల మీద కూర్చుని జారుతున్నారు. ఇక ఆగలేకపోయాను. తిరిగి వచ్చేసరికి రెండు కాగితాల టైమ్ దాటిపోయింది. కాఫీ బల్ల మీది చక్కెర నీళ్ళలో కలిపి, వదులుగా ఉన్న గ్లవ్స్ పక్కన పడేసి, పుల్లతో రెండు కాగితాల మీద చుక్కలు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం పిన్ని వచ్చి కాగితాల మీద ఏదో మందు చల్లి వేడి చేసింది. తొమ్మిదింటి మీదా ఊదా రంగు చుక్కలు తేలాయి. నా రెండింటి మీద ఒక్క చుక్కా లేదు, అంచున నా బొటనవేలి ముద్ర మాత్రం ఊదాగా మెరుస్తోంది. ఆ మందు వట్టి చక్కెరను పట్టదట, పురుగు జిగురులోనూ చేతి చెమటలోనూ ఉండే అమైనో ఆమ్లాలను పట్టేస్తుందట.

"ఎక్కడికెళ్ళావే?" అంది పిన్ని.

"స్నోలో ఆడుకోవడానికి."

"చూడలేదు అని రాసేస్తే అయిపోయేది కదే! నా పట్టికలో రెండు గడులు ఖాళీగా ఉంటే నాకేం ప్రాబ్లమ్ లేదు. ఇప్పుడు మిగతా తొమ్మిదీ నిజమేనని ప్రొఫెసర్‌కి ఎలా చెప్పను?"

"అవి నిజంగానే మార్చాను పిన్నీ," అని ఏడ్చాను.

"మార్చే ఉంటావులే," అంటూనే పదకొండూ చెత్తబుట్టలో వేసింది. నిజంగా చేసిన పని కూడా పోయిందని నాకు కడుపు రగిలిపోయింది.

మర్నాడు మళ్ళీ నన్నే వెంటబెట్టుకుని వెళ్ళి, పొద్దున్నే మొదలుపెట్టింది. మధ్యాహ్నం అలసిపోయి కుర్చీలోనే కునుకు తీసింది. లేచి గడియారం చూసి నాలుక కరుచుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, పట్టికలో దాటిపోయిన ఆ టైమ్ గడిలో 'చూడలేదు' అని రాసింది. సోమవారం ఆ పట్టికే ప్రొఫెసర్‌కు ఇచ్చింది. ఆయన ఆ గడి చూసి తలూపి, మిగతావి లెక్కపెట్టుకున్నాడట.

మొన్న డాక్టరమ్మ రోజూ బీపీ చూసి రాసుకు రమ్మంది. గురువారం మరిచిపోయాను. పక్క గడిలోని అంకె లాంటిదే ఇంకొకటి వేసేస్తే అడిగేవాళ్ళు లేరు. నా మీద నేనే కాసేపు విసుక్కుని, 'చూడలేదు' అని రాశాను. రాశాక ఎందుకో బొటనవేలు ఒకసారి చూసుకున్నాను.