నొప్పి అని చెప్పించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, దేవుని మందిరంలో నిలబడి చెప్తున్న మాట కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నా భర్త కుడి భుజం బాగుపడలేదు. బాగుపడిందని విందామని కూర్చున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, ప్రభువు మమ్మల్ని విడిపించిన మాట నిజం, కానీ విడిపించింది ఆ భుజం నొప్పి నుండి కాదు.

ఆయన పేరు సుధాకర్, మీకందరికీ తెలుసు. సరుకు ఓడల్లో ఫిట్టర్‌గా చేసేవారు, అంటే ఇంజన్ గదిలో పైపులూ వాల్వులూ బాగుచేసే పని. సముద్రం మధ్యలో ఓడ ఊగుతుంటే నిచ్చెన మీద నుంచి ఇనుప పలకల మీద పడ్డారు, భుజం లోపలి కండరాలు చిరిగిపోయాయి, కంపెనీవాళ్ళు ఇంటికి పంపి ఆపరేషన్ చేయించారు, అంతవరకు వాళ్ళను అనడానికి ఏమీ లేదు. పనిలో దెబ్బతిని మళ్ళీ ఓడ ఎక్కలేని మనిషికి కంపెనీ వైకల్య పరిహారం ఇవ్వాలి, అది ఒప్పందంలో ఉన్నదే, కాకపోతే ఎక్కలేడని ముందు డాక్టరు తేల్చాలి.

నేను అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం కర్రీ పాయింట్ నడుపుతాను. ఆపరేషన్ అయ్యి నెలలు గడిచినా ఆయన అన్నం గిన్నె ఎత్తి గంజి వంచలేకపోయేవారు, చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకునేవారు, నిద్రలో కుడిపక్కకు తిరిగితే మూలిగేవారు. నేను వింటున్నానని ఆయనకు తెలియదు.

అలాంటి రోజుల్లో ఇక్కడే, మన నారాయణగూడ మందిరంలో స్వస్థత కూటాలు జరిగాయి. ఆయన ప్రార్థన చేయించుకున్నారు, ఒళ్ళంతా వేడెక్కిందన్నారు, స్తోత్రం! మన అలవాటు మీకు తెలిసిందే, స్వస్థత కంటికి కనబడకముందే విశ్వాసంతో నోటితో ప్రకటించాలి, ఆ తర్వాత నొప్పి అన్నామంటే అది అవిశ్వాసం. ఆయన వేదిక ఎక్కి, నేను స్వస్థుడనయ్యానని సాక్ష్యం చెప్పారు, మీరంతా హల్లెలూయ అన్నారు, చేతులెత్తి స్తుతిద్దాం అన్నప్పుడు మాత్రం ఆయనకు ఎడమ చెయ్యి ఒక్కటే లేచింది. నేను చూశాను, ఇంకెవరూ చూసినట్టు లేదు.

ఆ వెంటనే ముంబైలో కంపెనీ డాక్టరు రమ్మన్నాడు, ఈయన ఒక్కరే వెళ్ళారు. నొప్పి ఉందా అని డాక్టరు అడిగితే ఈ మహానుభావుడు, "లేదు సార్, ప్రభువు ముట్టాడు" అన్నారట, పళ్ళు బిగబట్టి చెయ్యి పైకెత్తి మరీ చూపించారట! డాక్టరుకు ఇంకేం కావాలి, పనికి తగినవాడు అని రాసేశాడు. అంతే సహోదరులారా, చికిత్స కాలానికి వస్తున్న జీతం ఆగిపోయింది, పరిహారం కుదరదన్నారు, ఓడ ఎక్కడానికి సిద్ధంగా ఉండమని కబురు పంపారు.

నాకు కోపం వచ్చింది. దేవుని మీద కాదు, కంపెనీ మీద కూడా కాదు, ఈయన మీద. "ఏందండీ గిది, మందిరంల చెప్పే మాట డాక్టరుకు చెప్పొచ్చిన్రు! గా చెయ్యితోని నిచ్చెన ఎట్ల ఎక్కుతరు?" అన్నాను. "మందిరంలో ఒకటి, ఆస్పత్రిలో ఒకటి చెప్పమంటావా? సాక్ష్యం వెనక్కి తీసుకోమంటావా?" అన్నారాయన. ఆయన పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారు, ఊగే ఓడలో ఒంటిచేత్తో నిచ్చెన పట్టుకునే మనిషి మళ్ళీ ఇంటికి వస్తాడా అని నాకు భయం పట్టుకుంది.

ఓడ పనివాళ్ళ యూనియన్‌లో అడిగితే ఒక దారి చెప్పారు. చిక్కడపల్లిలో మేం చూపించుకున్న డాక్టరు, ఈయన నోరు విప్పకపోయినా స్కానింగ్ చూసి, ఈ చెయ్యి ఓడ పనికి రాదని రాసిచ్చాడు. ఇద్దరు డాక్టర్ల మాట కలవకపోతే కంపెనీకీ మాకూ సమ్మతమైన మూడో డాక్టరు చూస్తాడు, ఆయన మాటే ఆఖరు. అయితే ఆ మూడో డాక్టరు కూడా నొప్పి ఉందా అని అడిగేది ఈయననే కదా!

అప్పుడు దేవుడు మరియమ్మ పెద్దమ్మను పంపాడు. కాచిగూడ నుంచి మన ఆరాధనకు వచ్చే ముసలామె, ఆ వేళ కూర కోసం మా షాపుకు వచ్చింది, నేను ఉన్నదంతా చెప్పేశాను. ఆమె సలహా ఏమీ చెప్పలేదు, లోపలికి వచ్చి ఈయన భుజం మీద చెయ్యి వేసింది, ఈయన ఉలిక్కిపడ్డారు, ఆమె చెయ్యి తియ్యకుండానే ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నువ్వు చచ్చి లేచినంక గూడ చేతుల గాయాలు దాచలేదు, శిష్యులకు చూపెట్టినవ్. నీ బిడ్డ ఎందుకు దాస్తున్నడు తండ్రీ? నువ్వు మాన్పేదాంక దీన్ని చూపెట్టే ధైర్యమియ్యి." నేను ఆమెన్ అన్నాను, ఈయన అనలేదు, తల వంచుకుని అలాగే కూర్చున్నారు. ఆమె కూర పట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో డాక్టరు హైదర్‌గూడలో దొరికాడు, ఈసారి నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు ఈయన కుడిచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపుతూ, నొప్పి ఉందా అని అడిగాడు. ఈయన మళ్ళీ పళ్ళు బిగబట్టారు. నేను కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ నోరు తెరిపించు, ఇంకేమీ అడగను అని ప్రార్థించాను. "ఉందండీ. చాలా ఉంది. ఒక్కరోజు కూడా తగ్గలేదు" అని ఈయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు, నేను గట్టిగా హల్లెలూయ అన్నాను, మొగుడికి నొప్పి అంటే స్తోత్రం చెప్పే ఆడదాన్ని ఆ డాక్టరు ఎప్పుడూ చూసి ఉండడు! దేవునికే మహిమ!

ఓడ పనికి ఇక తగడని డాక్టరు తేల్చాడు, కంపెనీ పరిహారం ఇచ్చింది, పెట్టె మళ్ళీ అటక మీదికి ఎక్కింది. నా భర్త ఇంట్లో ఉన్నారు, బతికి ఉన్నారు, నా దేవునికి వేల స్తోత్రాలు.

ఇప్పుడు మన పాస్టరు అయ్యగారు ప్రార్థన కోసం ముందుకు రమ్మంటారు. బాగున్నాం, బాగున్నాం అనుకుంటూ వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, నొప్పి అన్నందుకు నొచ్చుకునే దేవుడు కాదు మన దేవుడు, ఆయనను నమ్మండి. ఎక్కడమ్మా అని అయ్యగారు అడిగితే, సరిగ్గా ఎక్కడో అక్కడే చూపించండి.